జెండా దిబ్బ మీది తల్లి

నీటికి హద్దు గీసేవాడా, గడ్డిపరకను కూడా మరచిపోనివాడా, ముందుగా నీకు దండం. లూముల మోతలో నిన్ను పిలిచాం, విన్నావు. ఆ మోత ఆగిపోయి, పిలవడానికి మాకు గొంతు కూడా లేని రోజుల్లో పిలవకుండానే వచ్చావు. నేను చెప్పబోయే దానిలో ఒక గోల్ఫ్ మైదానం ఉంది, మా బావ ఉన్నాడు, మా గల్లీ అవ్వ ఉంది. అందరికంటే ముందు నువ్వున్నావు. అందుకే నీతోనే మొదలుపెడుతున్నాను.

మాది ఉత్తర తెలంగాణలో మగ్గాల ఊరు. నాన్న నన్ను చంకనేసుకుని సూరత్ వచ్చాడు. పగలంతా ఉధ్నాలో లూములు, అంటే మరమగ్గాలు, నడిపి, శనివారం సాయంత్రం మేముండే బమ్రోలిలో మనవాళ్లను కూర్చోబెట్టి పురాణం చదివేవాడు. ఆయన చదువుతుంటే నేను పక్కన కూర్చుని దీపంలో నూనె చూసుకునేవాణ్ణి. ఆయన పోయాక ఆ పురాణం పీట నాకు వచ్చింది. సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో మడతలు వేసి కట్టలు కట్టడం నా పని. కానీ బమ్రోలిలో ఆ పనితో నన్నెవరూ గుర్తుపట్టరు. 'భజనాయన' అంటారు. అవ్వ ఒక్కతే 'పంతులూ' అంటుంది, అదీ వెక్కిరింపుగా.

మా అక్కను చేసుకున్న బావ కూడా లూము మనిషే. ఏళ్ల తరబడి ఆ మోత విని ఎడమ చెవి పూర్తిగా పోయింది. రెండోది కూడా పోతుందని డాక్టరు చెప్పిన రోజున లూము వదిలేశాడు. మా కాలనీ చివర, ఖాడీ ఒడ్డున, ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. ఖాడీ అంటే ఊళ్లోంచి పారే వాగు. ఆ మైదానంలో గడ్డి కోసే పనికి బావ చేరాడు. గేటు పక్కన ఒక గది కూడా ఇచ్చారు. అక్కడ వినిపించేది పిట్టలూ, గడ్డికోత మిషనూ. బావకు అది స్వర్గం.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మైదానంలో అక్కడక్కడా గుండ్రంగా, కొంచెం ఎత్తుగా, అలికినట్టు నున్నగా ఉన్న దిబ్బలు. ఒక్కో దిబ్బ మీద ఒక కర్ర, కర్రకు ఎర్ర జెండా. బావ ముందు నడుస్తున్నాడు. నేను మొదటి దిబ్బ దగ్గరికి రాగానే చెప్పులు విడిచి దండం పెట్టాను.

"ఏంది బామ్మర్ది, చెప్పులిడిసినవ్?"

"అమ్మవారి గద్దె గదా బావా?"

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గద్దెనా! గిది గోల్ఫ్ ఆడే జాగ. గా జెండా కింద బొక్క ఉంటది. గండ్ల బంతి వడాలె. గంతే."

"ఒక్క బంతి కోసం ఇంత నున్నగ కోస్తరా?"

"దినాం కోస్తం. నువ్వు చేసే పూజ గూడ ఇంత మంచిగుండదు."

నవ్వితే నవ్వాడు గానీ తప్పు నాది కాదు. మా వైపు ఊళ్లలో గుండ్రటి దిబ్బ, ఊడ్చిన నేల, మీద జెండా కనిపిస్తే అది ఏ తల్లి గద్దెనో, ఏ పీరు జాగానో అయి ఉంటుంది. మనసు ఆలోచించే లోపలే కాళ్లు ఆగిపోతాయి. ఆ తర్వాత బావను చూడడానికి వచ్చిన లూము మనుషులు, మా గల్లీ అవ్వతో సహా, ఒక్కొక్కరూ అదే పని చేశారు. క్లబ్బు మేనేజరు, గుజరాతీ ఆయన, ఇది చూసి సంతోషపడ్డాడట. ఆ నున్నటి గడ్డి మీద మామూలు బూట్లతో నడిస్తే పాడవుతుందట. ఆడేవాళ్లు కూడా మెత్తగా అడుగు వేయాలట. మనవాళ్లకు ఎవరూ చెప్పకుండానే ఆ మర్యాద వచ్చేసింది.

తర్వాత కరోనా వచ్చింది. లూములు ఆగాయి. సూరత్‌లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. సగం గల్లీ ఊళ్లకు వెళ్లిపోయింది. మేము ఉండిపోయాం. భజన గదికి తాళం వేశాం. శనివారం ఫోన్లలో పాడుకునేవాళ్లం. ఒకరి పాట ముందు, ఇంకొకరి తాళం వెనక, మూడోవారి ఇంట్లో కుక్కర్ కూత. అయినా ఆపలేదు. దేవుడికి తాళం సరిపోవాలనే పట్టింపు లేదని నాన్న చెప్పేవాడు.

ఆ వానాకాలంలో ఖాడీ పొంగింది. పొద్దున చాయ్ వేళకు గల్లీలోకి నీళ్లు వచ్చాయి. గంట తిరక్కుండా కింది గదుల్లో మంచాలు తేలాయి. దగ్గర్లో ఎత్తయిన భవనం బడి ఒక్కటే. దాన్ని కరోనా వచ్చినవాళ్ల కోసం తీసుకున్నారు. అక్కడికి వెళ్లడానికి ఎవరి కాళ్లూ రాలేదు. వెనక నీళ్లు, ముందు రోగం. అప్పుడు బావ, ఎవరి అనుమతీ అడగకుండా, మైదానం గేటు తీశాడు.

"జెండా కాడికి పోండ్రి! ఆఖరి జెండా కాడికి!" అని అరుస్తూ నిలబడ్డాడు. సగం వినపడని మనిషి గొంతు ఎంత గట్టిగా ఉంటుందో ఆ రోజు అందరం విన్నాం.

మైదానం చివరన అన్నిటికంటే ఎత్తయిన దిబ్బ ఉంది. ముసలివాళ్లు, పిల్లల తల్లులు, లూము కుర్రాళ్లు, అందరం దాని మీదికి చేరాం. దూరం దూరం కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటాం? మాస్కులు తడిసి ముఖాలకు అంటుకున్నాయి. చుట్టూ మిల్లుల రంగు కలిసిన నల్లటి నీళ్లు. ఇంత గందరగోళంలోనూ ఒక్క మాట చెప్పాలి. దిబ్బ అంచున చెప్పులన్నీ కుప్పగా ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా మనవాళ్లు చెప్పులు విడిచే ఎక్కారు.

నేను నామం ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. నా చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో, కర్పూరం ఉంది. వెలిగించి, జెండా వైపు తిరిగి హారతి ఇచ్చాను. నీళ్లు దిబ్బ అంచుదాకా వచ్చాయి, చెప్పుల్లో కొన్నిటిని తీసుకుపోయాయి, అంతకంటే పైకి రాలేదు. సాయంత్రానికి తగ్గడం మొదలైంది. మా గల్లీలో ఒక్క ప్రాణం పోలేదు. స్వామీ, ఆ రోజు గురించి రాస్తుంటే ఇప్పుడు కూడా నా చేతులు వాటంతట అవే కలుస్తున్నాయి.

వరద తీశాక మైదానంలోకి దిగి చూశాను. అంతా బురద మేట. గడ్డి కుళ్లి వాసన. ఆడేవాళ్లు కూర్చునే షెడ్డు గోడ కూలింది. పచ్చగా మిగిలింది ఆఖరి దిబ్బ ఒక్కటే. వారం తిరిగేసరికి ఆ జెండా కర్రకు పసుపు కనిపించింది. తర్వాత కుంకుమ, తర్వాత వేపమండలు, గాజులు. తర్వాత ఎవరో ఇటుకలు తెచ్చి చుట్టూ పేర్చారు. వీటన్నిటి వెనక ఉన్నది మా గల్లీ అవ్వ. కొడుకు లూము మీద, ఆమె ఇంట్లో చరఖా మీద కండెలు చుడుతుంది. మా గల్లీలో పెళ్లి ముహూర్తం నుంచి కుళాయి దగ్గర వంతుదాకా ఆమె మాటే చెల్లుతుంది. "మనల్ని కాపాడిన తల్లి ఆడ ఎండల నిలబడ్డది, నీడ గట్టాలె" అంది. కుర్రాళ్లు గుడి కట్టడానికి సిద్ధమయ్యారు.

ఇంతలో క్లబ్బువాళ్లు చేతులెత్తేశారు. మైదానాన్ని బాగుచేయడం తమ వల్ల కాదు, నగరమే తీసుకుంటే ఇచ్చేస్తాం అన్నారు. కార్పొరేషన్, ఇక్కడివాళ్ల మాటలో పాలికా, ఆలోచిస్తోందని తెలిసింది. తీసుకుంటే బురద తీయించి, మళ్లీ గడ్డి నాటించి, కొంత ఆటకు ఉంచి, మిగతాది జనానికి తోటగా తెరుస్తారట. పాత మాలీలను అలాగే ఉంచుతారట. తీసుకోకపోతే అక్కడ గోదాములు లేస్తాయి. బావకు గది పోతుంది, పని పోతుంది. ఈ వయసులో ఆయనకు తెలిసిన రెండో పని లూము ఒక్కటే.

ఒక మధ్యాహ్నం బావ మా ఇంటికి వచ్చాడు. కుడి చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు.

"పాలికా ఆఫీసర్లు సూడనీకి వస్తున్నరు. మేనేజర్ సాబ్ ఏమన్నడో ఎరికేనా? మందిర్ బన్ గయా తో పాలికా హాథ్ నహీ లగాయేగీ, అన్నడు. గుడి లేసిందంటె ఇగ ఆ జాగ జోలికి ఎవ్వలు రారట. కోర్టులని, లొల్లులని, భయం."

"నువ్వే తీసేయొచ్చు గదా బావా?"

"నేను ముట్టను. నాకు భయం. మీ అక్క నిన్న ఆడ నిమ్మకాయ పెట్టొచ్చింది. నా ఇంట్లనే గిట్లుంటె నేనెవలికి జెప్పాలె?" కుడి చెవి తడుముకుంటూ మెల్లగా అన్నాడు. "లూముకు వోను బామ్మర్ది. ఈ చెవి గూడ వోతె మీ అక్క తిట్టేది ఎట్ల వినాలె?"

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను చూసుకుంటానని మాట ఇచ్చాను.

అవ్వ దగ్గరికి ధైర్యంగానే వెళ్లాను. నా దగ్గర శాస్త్రం ఉంది. ఆమె గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతోంది.

"అవ్వా, గద్దె మీది పసుపు, ఇటుకలు తీయాలె. ఆఫీసర్లు వస్తున్నరు."

"ఎవలు తీస్తరు? నువ్వా?"

"తీసుడు గాదవ్వా, సాగనంపుడు. దానికి శాస్త్రంల ఉద్వాసన అని ఉన్నది. పండుగకు పిలిచిన దేవుణ్ని పండుగ అయిపోయినంక దండం పెట్టి పోయి రమ్మంటం గదా? గట్లనే."

చరఖా ఆగలేదు. "పిలిచినోళ్లను పంపిస్తరు. ఈ తల్లిని ఎవలు పిలిచిన్రు? ఆమెనే వచ్చింది. పిలవకుండ వచ్చి పానాలు కాపాడినామెను, పని అయిపోయింది, ఇగ పో అంటవా? మీ ఇంటికి చుట్టమొస్తె గిట్లనే అంటవా పంతులూ?"

నాన్న చదవగా విన్నదంతా ఒకసారి తిరగేశాను. ఈ ప్రశ్న అక్కడ ఎవరూ అడగలేదు.

"అసలు ముందుగాల హారతి ఇచ్చింది నువ్వు గాదా?"

"నేను ఇచ్చింది పరమేశ్వరునికి అవ్వా, జెండాకు గాదు."

"మరి జెండా మొకాన ఎందుకిచ్చినవ్?"

"చుట్టూత నీళ్లు. ఇంకెటు తిరగాలె?"

"గదే నేను జెప్పేది" అంది అవ్వ. "ఇంకెటు తిరుగుడు లేనప్పుడు మనకు కనబడ్డది ఆమె ఒక్కతే."

ఇంటికి వచ్చి దీపం ముందు కూర్చున్నాను. బావ కోసమే మొదలుపెట్టాను గానీ ఇప్పుడు నా మనసే నన్ను అడుగుతోంది. ఆ దిబ్బ మీద నిలబడి నేను ఎవరిని పిలిచాను? ఆయన అక్కడ లేడని అనగలనా? అనలేను. మరి ఆయన పసుపులోనే ఉన్నాడా? ఇటుకలోనే ఉన్నాడా? అదీ అనలేను. దీపంలో నూనె పోశాను. తర్వాత ఉన్నట్టుండి నా చెప్పులు గుర్తొచ్చాయి. మొదటి రోజు నేను విడిచిన చెప్పులు. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే జవాబు వచ్చింది. అడిగినవాడికి చెప్పకుండా ఉండే దేవుడు కాదు ఆయన.

పొద్దున్నే మళ్లీ వెళ్లాను. అవ్వ నన్ను చూసి, "ఏమాయె, శాస్త్రం దొరికిందా?" అంది.

"దొరికింది. నువ్వన్నదే నిజం. పిలవకుండ వచ్చినామెను పంపిచ్చుడు మన చేతుల లేదు. మరి పంపిచ్చుడు లేనప్పుడు నీకు భయమెందుకు? ఆమెను మనం తీస్తలేం. మనవి మనం తీసుకుంటున్నం. పసుపు మనది, గాజులు మనయి, ఇటుకలు మనయి. ఆమె ఇయ్యేం అడగలే."

చరఖా ఆగింది. "ఇయ్యన్ని తీసినంక గూడ ఆమె ఆడ ఉంటదా?"

"వరదకు ముందు ఏడున్నదో ఆడనే ఉంటది."

"ముందు గూడ ఉన్నదా?"

"నువ్వు మొదటిసారి మా బావ కాడికి వచ్చినప్పుడు గా దిబ్బ మీద పసుపు లేదు, కుంకుమ లేదు. చెప్పులెందుకు ఇడిసినవవ్వా? ఎవలు జెప్పిన్రు?"

అవ్వ నా ముఖంలోకి చూసింది. కండె ఒళ్లో పెట్టుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత మామూలు గొంతుతో అంది.

"మీ నాయన పానం నీల ఉన్నది పంతులూ. సరే. కని ఒక్కటి. చెప్పులతోని గా దిబ్బ ఎవ్వలు ఎక్కొద్దు. ఆఫీసరైనా సరే."

"ఆఫీసరుకు నేనెట్ల జెప్పాలె అవ్వా?"

"గది నేను సూసుకుంట."

ఆ సాయంత్రం ఆడవాళ్లంతా వెళ్లారు. బెల్లం అన్నం పెట్టి, పాడి, దండం పెట్టి, ఒక్కొక్కటీ తీశారు. వేపమండలు, కుంకుమ ఖాడీలో కలిపారు. గాజులు పంచుకున్నారు. జెండా కర్రను మా అక్క స్వయంగా కడిగింది. గుడి కడతామన్న కుర్రాళ్లు మూతి ముడుచుకుని నిలబడితే అవ్వ వాళ్ల చేతికే ఇటుకలు ఇచ్చి, "ముందుగాల మీ అవ్వలకు ఇల్లు గట్టుండ్రి బిడ్డా, దేవునికి తర్వాత గడుదురు" అంది. నవ్వు ఆపుకోలేక వాళ్లే మోశారు. ఆ ఇటుకలు ఇప్పుడు బావ గది ముందు మెట్టుగా ఉన్నాయి.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. వెంట ఇద్దరు ఇంజనీర్లు, మేనేజరు. అందరికీ మాస్కులు. బురద మైదానమంతా తిరిగి చివరికి దిబ్బ దగ్గరికి వచ్చారు. బావ గడ్డికోత మిషను పట్టుకుని ఒక పక్క, నేను ఇంకో పక్క. అవ్వ ఎక్కడి నుంచి వచ్చిందో, ఆఫీసరు కంటే రెండడుగుల ముందు దిబ్బ అంచుకు వచ్చి, ఏమీ ఎరగనట్టు, చెప్పులు విడిచి పైకెక్కింది. ఆఫీసరు ఆమె కాళ్ల వైపు చూశాడు. ఆయన చేయి దానంతట అదే బూటు లేసు మీదికి పోయింది. బూట్లు విప్పి ఎక్కాడు. ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వాళ్లూ విప్పారు.

మేనేజరు ముఖం పాలిపోయింది. బావ నా వైపు చూశాడు. పైకెక్కాక ఆఫీసరుకే అనుమానం వచ్చింది. తను బూట్లెందుకు విప్పాడో ఆయనకే తెలియలేదు. జెండా కర్రను పైనుంచి కిందిదాకా చూసి అవ్వను అడిగాడు.

"యహా కుచ్ హై క్యా, మా జీ?"

ఇక్కడేమైనా ఉందా అమ్మా అని. బావకు ఆ మాట వినపడలేదు. ఆయన అవ్వ పెదవులనే చూస్తున్నాడు.

"ఘాస్ హై సాబ్" అంది అవ్వ. "అచ్ఛీ ఘాస్."

మంచి గడ్డి. ఆఫీసరు వంగి అరచేత్తో ఆ గడ్డిని నిమిరాడు. అంత వరదలో ఇది ఎలా బతికిందని బావను అడిగాడు. ఎత్తు వల్ల, నీళ్లు నిలవకపోవడం వల్ల అని బావ చెప్పాడు. ఆఫీసరు లేచి చేతులు దులుపుకున్నాడు. "జగా సాఫ్ హై" అన్నాడు ఇంజనీర్లతో, ఈ జాగాకు ఏ అడ్డూ లేదని. దిబ్బ దిగాకే బూట్లు వేసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక నేను అవ్వను ఆటపట్టించాను. "అవ్వా, అబద్ధమాడినవ్ గదా?"

"అబద్ధమేంది? ఆయన కండ్లకు కనబడేది గడ్డే. గదే జెప్పిన. ఆయన కాళ్లకు ఏం కనబడ్డదో ఆయన్నే అడుగు."

తర్వాత ఎండాకాలంలో రెండోసారి కరోనా ఊరిని ఊపేసింది. మా భజనలో తాళాలు వాయించే అన్న పోయాడు. ఆయన తాళాలు ఇప్పటికీ నా పీట పక్కనే ఉన్నాయి. కార్పొరేషన్‌లో మిగతా పనులన్నీ వెనక్కి పోయినట్టే మైదానం సంగతి కూడా వెనక్కి పోయింది. ఇప్పుడు మళ్లీ కదిలింది. తీసుకోవాలా వద్దా అన్నది త్వరలో సభలో తేలుస్తారని మేనేజరు చెప్పాడు. కాదనడానికి ఆ నేల మీద ఏ తగాదా లేదట. బావ ఇంకా గేటు పక్క గదిలోనే ఉన్నాడు. మైదానమంతా పిచ్చి మొక్కలు లేచినా ఆ ఒక్క దిబ్బ మీద గడ్డిని రోజూ కోస్తున్నాడు. కోసేముందు చెప్పులు విడుస్తాడు. ఎందుకు బావా అంటే, గడ్డి పాడైతదని, అంటాడు.

నాకు అనుమానం లేదు. నీళ్లను అంచు దగ్గర ఆపినవాడు ఒక మాటను సభలో నిలబెట్టలేడా? అయినా అడగడం మన వంతు. అడిగేవాళ్లు పదిమందైతే ఆ అడగడమే ఒక భజన అవుతుంది. అందుకే ఇది చదువుతున్న మీరు, ఏ ఊళ్లో ఉన్నా, ఎవరిని కొలిచినా, ఒక్క నిమిషం చెప్పులు విడిచి నాతోపాటు అనండి. స్వామీ, ఆ నేలను మళ్లీ పచ్చగా చెయ్యి. దాన్ని తీసుకోవాలా వద్దా అని ఆలోచించేవారి మనసు మెత్తబరచు. ఆ గేటు తీసిన చేతికి ఆ గేటు దగ్గరే బతుకు చూపించు. మా బావకు మిగిలిన ఆ ఒక్క చెవికి పిట్టల పాట వినిపిస్తూనే ఉండనివ్వు.